పద్నాలుగు క్యూబులు, ఒక హాజరు ప్రోగ్రాం

ఎదుటి మనిషి తప్పు చేసినట్టు ముందే తీర్మానించుకుని, ఆ తర్వాత లెక్క చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఈ మంట తొంభైల చివర్లో, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక కాంక్రీటు పరీక్షల ల్యాబులో మొదలైంది. ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లారాలని నేను ప్రయత్నించనూ లేదు.

నాకప్పుడు నలభై రెండేళ్లు. ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో, కంప్యూటర్లు బిగించి అమ్మే ఒక దుకాణంలో పని. చదివింది పదో తరగతి. అంతకుముందు పదహారేళ్లు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక కలప డిపోలో దుంగల కొలతలు చూశాను. చుట్టుకొలత, పొడవు చెప్తే ఎన్ని ఘనపుటడుగులో కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. ఆ డిపోలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున గేటు తీయగానే దుంగలన్నీ లెక్కపెట్టాలి. అన్నానికి లేచే ముందు మళ్లీ లెక్కపెట్టాలి. గేటు వేసేటప్పుడు ఇంకోసారి. దాన్ని హాజరు అనేవాళ్లం. పట్టపగలే దుంగలు మాయమయ్యే చోటు కాబట్టి, ఎన్నిసార్లు హాజరు తీస్తే అంత భద్రం అన్నది అక్కడ అందరి నమ్మకం. నాకూ అదే అలవాటైంది.

డిపోకు ఒక కంప్యూటరు వచ్చింది. దాన్ని ముట్టుకోవడానికి అందరూ భయపడితే నేను ముట్టుకున్నాను. కంప్యూటర్లు వాడే పదహార్ల లెక్క (హెక్సాడెసిమల్) క్యాలెండరు వెనకవైపు రాసి నేర్చుకున్నాను. ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, అట్టలు ఊడిపోయిన కంప్యూటరు మాన్యువళ్లు ఏరుకుని చదివాను. ఆ చదువుతోనే ఈ దుకాణంలో పనికి కుదిరాను.

దుకాణం సేఠ్‌కు ఒక బాధ ఉండేది. ఆయన పాత హైదరాబాదీ, మూడు తరాల వ్యాపారం. కంప్యూటరు కొన్నవాళ్లు లోపలి మంచి కార్డు తీసి పాతది పెట్టి, మీరిచ్చిందే పాడైందని గొడవకు వస్తున్నారు.

"నిన్న ఒకాయన వచ్చిండు భాయ్. నా కార్డు గాయబ్, గాని మొహంల శరం లేదు. ఏ కార్డు ఏ మిషన్ల పెట్టినమో మనకు ఎరుక ఉండాలె. ఏదన్న చెయ్యి."

నేను చేశాను. దానికి హాజరు ప్రోగ్రాం అని పేరు కూడా పెట్టాను. అదేం చేసేదో చెప్పాలంటే, కంప్యూటరు తన కార్డులను ఎలా గుర్తుపడుతుందో ముందు చెప్పాలి.

అప్పట్లో కొత్తగా వచ్చిన రకం కార్డుల్లో ప్రతిదానిలోనూ తన గురించి తాను చెప్పుకునే 256 చిన్న గదులు ఉండేవి. ఒక్కో గదిలో సున్నా నుంచి 255 వరకు ఒక సంఖ్య. సున్నా నుంచి 63 వరకు నంబర్లున్న మొదటి 64 గదులకు అందరికీ ఒకటే నియమం: ఎవరు తయారు చేశారు, ఇది ఏ రకం కార్డు, దీనికి ఎక్కడ ఎంత చోటు కావాలి, ఇలాంటివి. మిగతా 192 గదులు తయారుచేసినవాళ్ల ఇష్టం. ఇదంతా కలిపి ఆ కార్డు కాన్ఫిగరేషన్ స్పేస్.

ప్రాసెసరు ఈ గదుల్లోకి నేరుగా వెళ్లలేదు. రెండు తలుపులున్నాయి, 3320, 3324. మొదటి తలుపు దగ్గర ఏ స్లాటు (కార్డు గుచ్చే గాడి), ఏ గది అన్నది ఒకే సంఖ్యగా రాయాలి. రెండో తలుపు దగ్గర జవాబు తీసుకోవాలి. పదకొండో స్లాటులో 64వ గది కావాలంటే, పదకొండును 2048తో గుణించి, 64 కలిపి, దానికి 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 కలిపి 3320లో రాయాలి. తర్వాత 3324 దగ్గరికి వెళ్తే జవాబు సిద్ధం. స్లాటు ఖాళీగా ఉంటే లోపల జవాబు చెప్పేవాడే ఉండడు. అప్పుడు అన్నీ 255లే వస్తాయి.

నాంపల్లిలో రికార్డు గదులున్న ఏ ఆఫీసుకు వెళ్లినవాళ్లకైనా ఇది అర్థమవుతుంది. ఒక కిటికీ దగ్గర పలక ఉంటుంది, దాని మీద మీ ఫైలు నంబరు రాస్తారు. లోపలి మనిషి పలక చూసి, ఆ ఫైలును పక్క కిటికీలో పెడతాడు. మీరు రాసి, పక్క కిటికీకి నడిచేలోపు ఇంకొకడు వచ్చి మీ నంబరు తుడిచి తన నంబరు రాశాడనుకోండి. మీ చేతికి వాడి ఫైలు వస్తుంది. లోపలి మనిషి తప్పేమీ లేదు, పలక మీద ఉన్నదే తెచ్చాడు.

రెండు వేల సంవత్సరం దాటాక, అదే ఫుట్‌పాత్ మీద, సీడీతో సహా ఒక లావు పుస్తకం దొరికింది. ఎవరైనా చదువుకోగలిగేలా ఉచితంగా ఇచ్చే ఒక ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్, అంటే మిషన్‌ను నడిపే నడిమి ప్రోగ్రాం, మొత్తం ఆ సీడీలో ఉంది. అందులో ఈ రెండు తలుపుల పని చేసే చోటు వెతికి చూశాను. ముందు తాళం వేస్తుంది. అంటే, మధ్యలో ఎవరూ పిలవకుండా, ఇంకో ప్రాసెసరు చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. తర్వాత 3320లో రాస్తుంది, 3324లో చదువుతుంది, తాళం తీస్తుంది. నాలుగైదు లైన్లు. కార్డులను నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, ఏవీ సొంతంగా ఆ తలుపులు ముట్టుకోకూడదు, కెర్నెల్‌ను అడగాలి. ఇంకా కొత్త మిషన్లలో పలకే లేదు. ప్రతి కార్డు గదులూ మెమరీలో ఒక్కోదానికి 4096 చొప్పున పక్కపక్కనే పరిచి ఉంటాయి, 65,536 కార్డులకు సరిపడా చోటు. కావాల్సిన చోటుకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, ఒకరి నంబరు ఇంకొకరు తుడిచే ప్రశ్నే రాదు. అది చదివిన ఆదివారం నేను అన్నం తినలేదు. ప్రపంచంలో ఎవరో ఈ ప్రమాదం తెలుసుకుని నాలుగు లైన్లలో కట్టడి చేసి, ఊరికే పంచిపెట్టారు. మా సందులో అది తెలియక ఒక మనిషి బతుకు రోడ్డున పడబోయింది.

ఇక హాజరు ప్రోగ్రాం. అప్పటి మా మిషన్లన్నీ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేవి. అక్కడ కాపలా కాసే కెర్నెల్ లేదు, ఎవడి చేతికి ఏ తలుపైనా అందుతుంది. నా ప్రోగ్రాం మెమరీలో ఒక మూల కూర్చుని, గడియారం కొట్టినప్పుడల్లా, అంటే సెకనుకు పద్దెనిమిది సార్లు, సున్నా నుంచి ముప్పై ఒకటి వరకు అన్ని స్లాట్లనూ పిలిచేది. ఏ కార్డయినా మారితే తెర మీద చెప్పేది. కరెంటు తీయకుండా కార్డు ఎవరూ పీకరు కదా, మిషన్ మొదలైనప్పుడు ఒక్కసారి హాజరు తీస్తే చాలు కదా అని ఎవరైనా అడగాల్సింది. ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. డిపోలో రోజుకు మూడుసార్లు తీసేవాణ్ణి, ఇక్కడ సెకనుకు పద్దెనిమిది సార్లు తీస్తున్నానని మురిసిపోయాను. సేఠ్ నా భుజం తట్టి, ఆ ప్రోగ్రాంను దుకాణం దాటే ప్రతి మిషన్‌లోనూ ఎక్కించమన్నాడు.

నాంపల్లి ల్యాబుకు వెళ్లింది అలాంటి మిషనే.

ఆ ల్యాబులో కాంక్రీటు క్యూబులు నలగ్గొడతారు. కట్టడం దగ్గర పోసిన కాంక్రీటులోంచే కొంచెం తీసి, జానెడు కంటే చిన్న క్యూబులు పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానబెట్టి తెస్తారు. ప్రెస్సులో పెట్టి నొక్కితే ఎంత బరువు దగ్గర నలిగిందో చూసి, దాన్ని క్యూబు వైశాల్యంతో భాగిస్తే బలం వస్తుంది. ఆ రకం కాంక్రీటుకు ఇరవై రావాలి, అంటే ప్రెస్సు మీద బరువు అంకె 450 అందుకోవాలి. ప్రెస్సుకు పాత డయలు ఒకటి ఉంది. నలిగిన చోట దాని ఎర్ర సూది ఆగిపోతుంది. ల్యాబు యజమాని కొత్తగా కంప్యూటరు, దానిలోకి ప్రెస్సు సెన్సరును చదివే కొలత కార్డు కొన్నాక, సర్టిఫికెట్ మీదికి కంప్యూటరు చెప్పిన అంకే ఎక్కేది.

ఆ ప్రెస్సు మీద పని చేసే ఆమెది మెదక్. అక్కడ క్రైస్తవ మిషనరీల స్కూల్లో చదివి, సివిల్ డిప్లొమా చేసి, తొమ్మిదేళ్లుగా అక్కడే పని చేస్తోంది. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె దుకాణానికి వచ్చి కౌంటరు ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, మా మిషన్ మీరు బిగించిందే గదా. ఒకసారి వచ్చి చూడుండ్రి. నా మీద పడ్డది."

జరిగింది ఇది. లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ ఇంజనీరు సర్టిఫికెట్లు చూస్తూ, ఒకే రోజు పోసిన మూడు క్యూబుల్లో రెండింటికి పద్దెనిమిది లోపు, ఒకదానికి ఇరవై పైన ఎలా వచ్చిందని అడిగాడు. కార్డు కంపెనీ ఇంజనీరు వచ్చి పది క్యూబులు నలగ్గొట్టి చూసి, కార్డు సరిగ్గానే ఉంది, మీ మనిషే అంకెలు మార్చి ఉంటుందని చెప్పి వెళ్లాడు. కాంట్రాక్టరు దగ్గర ఏదో తీసుకుందని ల్యాబు యజమాని తేల్చేశాడు. అదే మాట లక్డీకాపూల్‌కు ఫోనులో కూడా చెప్పేశాడు. ఫలితాలు నేనే మార్చానని శనివారం లోపు సంతకం పెడితే ఉద్యోగం మాత్రమే పోతుంది, పెట్టకపోతే పోలీసులు వస్తారని ఆమెతో అన్నాడు.

"సంతకం పెడితే ఇంకే ల్యాబుల నన్ను అడుగు పెట్టనియ్యరన్నా. ఈ పనిల ఉన్నోళ్లందరు ఒకల్లకొకలు ఎరుకే."

మర్నాడు వెళ్లాను. ల్యాబు యజమాని రిటైరైన ఇంజనీరు, కోస్తా వైపు మనిషి, పెద్దసారు అంటారు. బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టి చూపించాడు.

"ఇది ల్యాబు రిజిస్టరండీ. ఇది ఈవిడ సొంత పుస్తకం, సొరుగులో దొరికింది. రెండో పుస్తకం ఎవరు పెట్టుకుంటారు చెప్పండి? మిషన్ అబద్ధం ఆడదు, మనిషే ఆడతాడు."

"సూది గూడ మిషనే గద సార్," అంది ఆమె. "నాకు పని నేర్పినాయన సూది చూసి రాసుకోమన్నడు. కంప్యూటర్ వచ్చినంక గూడ నేను రాసుడు బంద్ చెయ్యలె. గంతే."

"అయితే బైబిలు మీద ప్రమాణం చెయ్యమ్మా."

"ప్రమాణం ఎందుకు సార్. లెక్క చూడుండ్రి."

ఆ మాటకు నాకు ఆయన మీద పుట్టిన కోపం ఇప్పటికీ అలాగే ఉంది. తొమ్మిదేళ్లు తన దగ్గర పని చేసిన మనిషి ఎదురుగా నిలబడి లెక్క చూడమంటోంది. ఆయన ఇంజనీరు. లెక్క తప్ప ఇంకేం చూడాలి ఆయన?

ఆమె పుస్తకాన్ని స్టేషన్ రోడ్డులో జిరాక్సు తీయించుకుని దుకాణానికి వచ్చి కూర్చున్నాను. ప్రతి క్యూబుకూ రెండు అంకెలు, ఒకటి సూదిది, ఒకటి కంప్యూటరుది. మొత్తం 411 క్యూబులు. ప్రతి జతనూ భాగించాను. 397 జతల్లో రెండూ ఒకటే, తేడా నూటికి అరవంతు దాటలేదు. మిగిలిన పద్నాలుగింటిలో కంప్యూటరుది ఎక్కువ. సూది 404 అంటే కంప్యూటరు 454. సూది 388 అంటే కంప్యూటరు 436. 512కు 575. పద్నాలుగింటినీ భాగిస్తే అన్నిటికీ అదే జవాబు, ఒకటీ పాయింటు పన్నెండూ చిల్లర.

దొంగతనం చేసేవాడు ఇలా చేయడు. నూటికి ఇంత అని లెక్కగట్టి, మూడో అంకె దాకా తప్పకుండా, ఏడాది పొడుగునా ఒకే నిష్పత్తిలో అంకెలు పెంచే దొంగను నేను చూడలేదు. పైగా ఆ పద్నాలుగింటిలో పదకొండింటిని పెంచి లాభమే లేదు. 388ని 436 చేసినా అది పాసవదు. 512 దగ్గర నలిగిన క్యూబు ఎలాగూ పాసే. దాన్ని 575 చేస్తే ఎవడికి లాభం? ఫెయిలవ్వాల్సింది పాసైనవి మూడే మూడు. ఇదంతా ఆ పుస్తకంలోనే ఉంది. కూడికలు, భాగహారాలు వచ్చిన ఎవరికైనా ఒక పూట పని. పెద్దసారు ఆ పుస్తకాన్ని చూపించాడే గానీ చదవలేదు.

గురువారం కార్డు మాన్యువల్ పట్టుకుని ల్యాబులో మిషన్ ముందు కూర్చున్నాను. ఏ రెండు సెన్సర్లూ ఒకేలా ఉండవు కాబట్టి, ప్రతి కార్డుకూ ఫ్యాక్టరీలో ఒక సవరణ సంఖ్య ఇస్తారు. ఈ కంపెనీవాళ్లు దాన్ని కార్డులోని 64వ గదిలో దాచారు. 128 ఉంటే సవరణ లేదు. పైన ఒక్కో అంకెకూ వెయ్యికి ఒకటి పెంచాలి. ఈ కార్డుది 131, అంటే వెయ్యికి 1003 వంతులు. పరీక్ష మొదలైన ప్రతిసారీ వాళ్ల డ్రైవరు ఆ గది చదువుతుంది.

అయితే తప్పు వచ్చినప్పుడు ఏ సంఖ్య చదివి ఉండాలి? 1003ను ఆ నిష్పత్తితో గుణించాను. 1127 వచ్చింది. వెయ్యి తీసేసి, 128 కలిపాను. 255.

255 అంటే ఖాళీ స్లాటు జవాబు. కార్డు స్లాటులోనే ఉంది, మరి ఎవరూ లేని స్లాటు జవాబు ఈ డ్రైవరు చేతిలో పడుతోంది.

డ్రైవరును విప్పి, అంకెల్లోనే చదివాను. 3320లో రాయడం ఉంది. తర్వాత, ఏ పాత కాలపు భయంతోనో, సెకనులో వెయ్యింట రెండు వంతులు ఊరికే ఆగడం ఉంది. ఆ తర్వాత 3324లో చదవడం. ఈ మొత్తం పని ముందు ఇంటరప్టులను, అంటే గడియారం లాంటివి మధ్యలో పిలిచే పిలుపులను, ఆపే 250 అన్న ఆజ్ఞ ఉండాలి, చివర మళ్లీ వదిలే 251 ఉండాలి. రెండూ లేవు. ఒక్కో అక్షరమంత ఆజ్ఞలు అవి. నాకు పట్టలేని సంతోషం వేసింది. కార్డు కంపెనీ దొరికిపోయింది. పది క్యూబులు నలగ్గొట్టి ఒక ఆడమనిషి మీద నింద వేసి వెళ్లిన ఆ ఇంజనీరు మొహాన ఈ కాగితం కొట్టాలనుకున్నాను. పదింటిలో తప్పు ఒక్కసారీ తగలకుండా పోవడానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉంది. ఆ మాత్రం లెక్క వేసుకోకుండా ఎలా వెళ్లాడు?

సంతోషం అయిదు నిమిషాలు ఉంది. డాస్‌లో ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడుస్తుంది. మరి ఈ డ్రైవరు పలక మీద రాసి ఆగిన ఆ కాస్త సమయంలో, వచ్చి తుడిచి, ముప్పై ఒకటో స్లాటు నంబరు రాసి పోతున్నది ఎవరు? ఆ మిషన్‌లో గడియారం కొట్టినప్పుడల్లా లేచి, స్లాట్లన్నీ పిలిచి, చివరి ఖాళీ స్లాటు దగ్గర ఆగేది ఒక్కటే ఉంది.

గడియారం దెబ్బకూ దెబ్బకూ మధ్య వెయ్యింట యాభై అయిదు వంతులు. డ్రైవరు ఆగేది రెండు వంతులు. ఇరవై ఏడున్నరకు ఒకసారి తగలాలి. 411కు పదిహేను. ఆమె పుస్తకంలో పద్నాలుగు.

నా హాజరు ప్రోగ్రాం పలక మీద రాసేముందు, అక్కడ అంతకుముందు ఏముందో చూసుకుని, పోయేటప్పుడు దాన్ని తిరిగి రాసి పోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఒక చదవడం, ఒక రాయడం. ఎవరి ఇంట్లోనైనా వస్తువు తీస్తే ఉన్నచోట పెట్టమని పిల్లలకు చెప్తాం. నలభై రెండేళ్లవాణ్ణి, నాకు తోచలేదు.

ఆ సాయంత్రం నుంచి నా కోపం లెక్కలోకి నేనూ వచ్చాను.

శుక్రవారం సేఠ్‌కు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా సరైనవే వేశాడు.

"అంటే కంపెనీ డ్రైవర్ల గూడ తప్పున్నది."

"ఉన్నది సేఠ్."

"మరి గంతే రాయి. సగం నిజం రాస్తే అబద్ధమైతదా?"

"ఆమె మీద మొత్తం అబద్ధం చెప్పిన్రు సేఠ్. మనం సగం చెప్తే ఎట్ల?"

"అరే భాయ్, ఊరంత మన మిషన్లే. టైపు కొట్టుకునేటోళ్లకు నీ హాజరుతోటి ఏం నుక్సాన్ లేదు. గాని ఈ మాట సందుల పడితే, రేపటి సంది ఎవని ప్రింటర్ ఆగినా నా మీదనే వస్తడు. జర నా దిక్కు గూడ చూడు. నిన్ను పనిల పెట్టుకున్నది నేను."

ఆయన చెప్పినదాంట్లో ఏదీ అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా మండింది.

శనివారం పొద్దున్నే ల్యాబుకు వెళ్లాను. క్యూబుల అవసరం లేకుండా, ఆ 64వ గదిని మాత్రమే డ్రైవరు చేత 2750 సార్లు చదివించే చిన్న ప్రోగ్రాం రాసుకుని వెళ్లాను. పెద్దసారూ ఆమే ఇద్దరూ నా వెనక నిలబడ్డారు. హాజరు ప్రోగ్రాం ఉండగా నడిపాను. ఆరు సెకన్లు పట్టలేదు. 131 రావాల్సిన చోట 103 సార్లు 255 వచ్చింది. హాజరు ప్రోగ్రాం తీసేసి మళ్లీ నడిపాను. ఒక్కటీ రాలేదు. మూడుసార్లు అలా, మూడుసార్లు ఇలా చేసి చూపించాను.

పెద్దసారు చాలాసేపు తెర వైపు చూశాడు. ఇంజనీరే కదా, అర్థమైంది. అర్థమైందని ఆయన మొహంలో తెలిసింది. లేచి వెళ్లి గది తలుపు వేసి వచ్చాడు.

"మీరన్నది నిజమే అనుకుందామండీ. మిషన్ తప్పంటే నాలుగొందల పదకొండు సర్టిఫికెట్లూ అనుమానమే. నా ల్యాబు మూతపడుతుంది. ఈవిడ తప్పంటే పద్నాలుగుతో పోతుంది. పోలీసుల మాట వదిలేస్తాను. ఈవిడకు నేనే వేరేచోట ఏదైనా చూస్తాను. సంతకం మాత్రం పెట్టించండి, మీ మాట వింటుంది."

అప్పటిదాకా తెలియక చేశాడనుకున్నాను. ఇప్పుడు తెలిసి చేస్తున్నాడు. పైగా నన్ను పెట్టించమంటున్నాడు. నా నోటికి ఏం వచ్చేదో తెలియదు. ఆమే ముందు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"సార్, నాలుగొందలు ఎందుకు అనుమానం? ఏ పద్నాలుగు తప్పో నా పుస్తకంల ఉన్నది. మిగిలినవి సూదితోని కలుస్తున్నయ్. ఆ పుస్తకం లేకుంటే మీకు నాలుగొందలు అనుమానం. దొంగపుస్తకమని బల్ల మీద పెట్టి చూపిస్తున్నరు. మీ ల్యాబును నిలబెట్టేది అదే."

పెద్దసారు సరే, సంతకం అక్కర్లేదు, సోమవారం నుంచి పనిలోకి రా అన్నాడు. పెద్ద మేలు చేసినట్టు అన్నాడు.

"వస్త సార్. గాని లక్డీకాపూల్ సారుకు నా గురించి చెప్పిన్రు గదా. ఆయనకు కాగితం రాయుండ్రి."

టైపిస్టును పిలిచి నాలుగు లైన్లు చెప్పాడు. కొన్ని ఫలితాల్లో పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాము, సరిచేసిన ఫలితాలు జత చేస్తున్నాము. ఆమె కాగితం తీసుకుని నిలబడే చదివింది.

"ఎవరి పొరపాటు సార్?"

"పొరపాటంటే పొరపాటేనమ్మా. అర్థమవుతుందిలే వాళ్లకి."

"నా పొరపాటని ఫోన్ల చెప్పిన్రు. ఇదట్లనే అర్థమైతది. ఎవరిదో రాయుండ్రి."

రెండోసారి టైపైంది. కొలత కార్డు డ్రైవరులో లోపం వల్ల అని ఉంది. నాకు చూపించాడు. నేను తల ఊపాను. ఆమె మళ్లీ చదివి నా వైపు తిరిగింది.

"అన్నా, ఇందుల నీ హాజరు లేదు."

ఆమె కోసం నాలుగు రోజులు తిరిగాను, సేఠ్‌తో చెడగొట్టుకున్నాను, ఇప్పుడు నా పేరే రాయించమంటోందని ఒక్క క్షణం ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఇక్కడ దాచిపెట్టడం న్యాయం కాదు.

"నోటితోని నువ్వే చెప్పినవ్ గదన్నా. కాగితం మీద ఉంటే ఏమైతది? రేపు కంపెనీవాళ్లొచ్చి మా డ్రైవర్ వేరే మిషన్ల మంచిగ నడుస్తుందని చూపిస్తరు. మళ్ల నా మీదకే వస్తది."

ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. హాజరు లేని మిషన్‌లో ఆ డ్రైవరు నూరేళ్లు తప్పు లేకుండా నడుస్తుంది. సగం కారణం రాసిన కాగితం ఆమెను కాపాడదు. సేఠ్ సగం నిజం రాయమన్నప్పుడు ఎదురు చెప్పినవాణ్ణి, అదే సగానికి ఇప్పుడు తల ఊపాను.

టైపిస్టుకు నేనే చెప్పాను. ఏ దుకాణంలో ఎక్కించిన ప్రోగ్రాం, ఎవరు రాశారు, అది ఏం చేస్తుంది, డ్రైవరు ఏం చేయదు, రెండూ కలిస్తే ఏమవుతుంది, ఏ పద్నాలుగు క్యూబులు. పేజీన్నర అయింది. పెద్దసారు సంతకం చేశాడు. ఆమె కాగితాన్ని నా ముందు పెట్టింది. నేనూ చేశాను.

"తపాలాలో పంపిద్దాంలే," అన్నాడు పెద్దసారు.

"వద్దు సార్. మాట ఫోన్ల పోయింది. కాగితం నేనే పట్టుకపోత."

లక్డీకాపూల్‌కు నడిచే వెళ్లాం. ఆమె ముందు, నేను రెండడుగులు వెనక. అసెంబ్లీ ముందు బస్సుల మధ్య రోడ్డు దాటేటప్పుడు కూడా కాగితం చేతిలోంచి సంచిలోకి పెట్టలేదు. ఆఫీసు మెట్లెక్కుతూ ఒకసారి ఆగి, వెనక్కి చూసి, నేను వస్తున్నానని రూఢి చేసుకుంది.

ఇంజనీరు ఫ్యాను కింద కూర్చుని ఆ పేజీన్నర మొత్తం చదివాడు. వెనక్కి వెళ్లి మధ్య పేరా మళ్లీ చదివాడు. హాజరు ప్రోగ్రాం రాసింది ఎవరని అడిగాడు. నేనేనని చెప్పాను. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. తర్వాత ఆ పద్నాలుగు క్యూబుల నంబర్లూ ఒక్కొక్కటిగా ఆమెను అడగడం మొదలుపెట్టాడు. మూడో నంబరు దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, కూర్చోమ్మా అన్నాడు.

ఆమె కూర్చుంది. నన్ను కూర్చోమని ఆయన అనలేదు.